కిటికీ కింద బండి

చింతామణి నుంచి బాగేపల్లి పోయే బస్సులో రెండు కారు బ్రోచర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చిన్న ఎస్‌యూవీ కొనాలనుకున్నాను గానీ డీజిలా, పెట్రోలా అన్నది తేలక రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. డీజిలైతే మైలేజీ కలిసివస్తుంది, పెట్రోలైతే బండి చవక. అడిగిన ప్రతివాడూ రోజుకు ఎంత దూరం తిరుగుతావనే అడిగాడు. సాయంత్రంలోగా షోరూముకు మాట చెప్పాలి.

పక్క సీట్లో ఒకావిడ తడిగుడ్డ కప్పిన బుట్ట పట్టుకుని ఉంది. అందులో చాకీ పురుగులు, అంటే పసి పట్టుపురుగులు ఉన్నాయి. ఒక క్రాసు దగ్గర డ్రైవరు ఇంజను ఆపకుండానే టీకి దిగాడు. కిటికీలోంచి డీజిలు పొగ లోపలికి కమ్మింది.

“కిటికీ వేసేయప్పా! వీటికి పొగ పడదు, మేత ముట్టవు,” అంటూ ఆవిడ బుట్ట మీదికి వంగి కొంగు కప్పింది. పొగ పోయేదాకా తనూ ఊపిరి బిగబట్టింది.

బస్సు కదిలాక నా ఒళ్ళో బ్రోచర్ల మీది బొమ్మలు చూసింది.

“కారు కొంటాండావా? యాడ నిలుపుతావు?”

“ఇంటి ముందరేనమ్మా, కిటికీ కింద.”

“ఆ కిటికీ కాడ ఎవురు పండుకుంటారప్పా?”

ఆ కిటికీ పక్కనే నెలల పిల్ల మా పాప ఉయ్యాల ఉంది.

పెట్రోలు బండే కొన్నాను. పాప ఇప్పుడు బడికి పోతోంది, ఉయ్యాల అటకెక్కింది. అయినా రోజూ పొద్దున బండి తాళం తిప్పేటప్పుడు ఆ కిటికీ వైపు చూసి ఊపిరి బిగబడతాను.