పద్దెనిమిది ఇళ్ళ టీ

నేను ఆష్‌బర్న్‌లో దిగిన కొత్త రోజులవి. ఆరు నెలలకే అమెరికా అంతా అర్థమైపోయిందని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడా నమ్మకం పూర్తిగా పోయింది.) ఇక్కడ కారు మరీ స్పీడుగా నడిపితే చలానాతో పోదనీ, క్రిమినల్ కేసే పెడతారనీ మాత్రం పోలీసు ఆపాకే తెలిసింది. ఇక వీసా పోయినట్టేనని వణుకుతూ, పెళ్ళి సూటు వేసుకుని కోర్టుకెళ్ళాను. నన్ను గట్టెక్కించింది ఒక అమెరికన్ లాయరు. లాయరమ్మ అనేవాణ్ణి. నా పని అయ్యాక ఆవిడ ఇంటికి పోలేదు. అదే స్పీడుకి దొరికి, లాయరు లేక బిక్కమొహం వేసుకున్న ఒక హోటల్ వంటవాడి పక్కన వెళ్ళి నిలబడింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆవిడ మన జిల్లాలాంటి మా కౌంటీలో ప్రాసిక్యూటర్ పదవికి పోటీ చేసింది. ఎవరి మీద కేసు నడపాలో, ఎవరిని మందలించి వదలాలో తేల్చే కుర్చీ అది. చిన్న తప్పులకు జైలు వద్దని ఆవిడ వాదన. ప్రభుత్వ వకీలు ఇంటింటికీ తిరిగి ఓట్లడగడమేమిటని విస్తుపోయాను గానీ, చేసిన మేలు మరవకూడదు కదా! ఎన్నికల ముందు చివరి శనివారం ఆవిడని మా అపార్ట్‌మెంట్లకి తీసుకెళ్ళాను. “అందరూ మావాళ్ళే. ఓట్లన్నీ మీకే!” అని హామీ కూడా ఇచ్చాను.

పద్దెనిమిది ఇళ్ళు. ప్రతి గుమ్మం దగ్గరా బూట్లు విప్పింది, ప్రతి ఇంట్లోనూ టీ తాగింది. మనవణ్ణి చూడడానికి గుంటూరు నుంచి వచ్చిన ఒక మామ్మగారు ఆవిడకి బొట్టు పెట్టి, “నా ఓటు నీకే తల్లీ” అంది. అందరిదీ అదే మాట. నా మీది నమ్మకంతో పొద్దుట్నుంచీ తెరవని ఓటర్ల జాబితాని లాయరమ్మ చివర్లో ఫోన్‌లో తెరిచి, “వీళ్ళలో ఒక్కరి పేరూ లేదేమిటి?” అంది. నేను పక్కింటి వరంగల్ అన్నని పట్టుకున్నాను.

“అన్నా, మీకు ఓటుందా?”

“ఓటెక్కడిది తమ్మీ? అందరం హెచ్‌వన్ వీసా మీదనే ఉన్నం గదా. నీకుందా ఏంది?”

“మరి వేస్తామన్నారు!”

“ఇంటికొచ్చి అడిగినోళ్ళకు లేదని ఎట్ల చెప్తం?”

ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆవిడ మెట్ల మీద కూలబడింది. తిడుతుందనుకున్నాను. కానీ, “వీళ్ళకి కోర్టు నోటీసొస్తే ఏం చేయాలో తెలుసా?” అని అడిగింది. తెలియదన్నాను. “అయితే పద, మళ్ళీ మొదటి ఇంటి నుంచి” అంటూ లేచింది. మళ్ళీ పద్దెనిమిది టీలు. ఓట్లున్న వీధులన్నీ వదిలేసి, ఓటు లేని మాకు చీకటి పడేదాకా విడమరిచి చెప్పింది. అలాంటి మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆసారి ఓడిపోయింది, కొద్దిలోనే. ఎన్ని ఓట్ల తేడానో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. నాలుగేళ్ళకు మళ్ళీ నిలబడి గెలిచింది. ప్రమాణస్వీకారానికి అదే పెళ్ళి సూటులో వెళ్ళాను, బొత్తాం పట్టలేదు. అంత జనంలోనూ నన్ను గుర్తుపట్టి, నుదుటి మీద వేలు పెట్టి చూపిస్తూ, “ఆ పెద్దావిడ బాగున్నారా?” అని అడిగింది. తర్వాత నవ్వి, “నీకు ఓటొచ్చిందా?” అంది. “ఇంకా గ్రీన్‌కార్డు లైన్లోనే ఉన్నాను” అన్నాను.

ఓట్లన్నీ మీకేనని ఛాతీ విరుచుకున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. సూటు మాత్రం దాచాను. నా మొదటి ఓటు వేసే రోజున, బొత్తాం పట్టినా పట్టకపోయినా, అదే వేసుకుంటాను.