రేవుమెట్ల పాఠం

చనిపోయిన రోజు పొద్దున కూడా, విద్యార్థులంతా ‘ఇబు’ అంటే అమ్మ అని పిలిచే కాలేజీ టీచరు రోస్మియాతి, ఇండొనేషియాలోని మకస్సర్ రేవుమెట్ల మీద చెప్పులు విడిచి కూర్చుని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, సముద్రపు నాచుకు పట్టే తెగులు గురించి పాఠం చెప్పింది. సిగ్నల్ సరిగా అందని దీవుల్లోని విద్యార్థులకు కాలేజీ వెబ్‌సైటు తెరుచుకోదు. వాట్సాప్‌లో ఆవిడ గొంతు మాత్రం చేరుతుంది. పాత విద్యార్థులు, నాచు సాగుచేసేవాళ్లు అందరూ అదే గ్రూపులో ఉండేవారు. ఒకరడిగితే నలుగురు జవాబిచ్చేవారు. ప్రతి పాఠం చివరా ఆవిడ దగ్గి, “అర్థమయిందా, ఊరికే తలకాయ ఊపుతున్నారా?” అనేది.

కాలేజీ వెబ్‌సైటు చూసుకునే నుర్లీనా ఆవిడ శిష్యురాలే. మార్చిలో ప్రిన్సిపాల్ ముందు నివేదిక చదివింది తనే: ఈ విద్యాసంవత్సరం వెబ్‌సైటులో ఇబు పెట్టిన పాఠాలు సున్నా.

“అంటే ఏడాదంతా ఇంట్లో పడుకున్నారా, ఇబూ?” అన్నాడు ప్రిన్సిపాల్.

“నాచు పడుకోనిస్తేగా!” అని నవ్వి, ఆవిడ నుర్లీనా వైపు చూసింది. నుర్లీనా తలెత్తలేదు. ఇబు ఉద్యోగం పోయింది, రేవుమెట్ల మీద పాఠాలు ఆగలేదు.

జూన్‌లో గుండె ఆగి ఆవిడ పోయాక, కాలేజీలో ఆవిడ పేరున ఉన్న ఖాతా తీసేయడానికి నుర్లీనా వెబ్‌సైటు తెరిచింది. తానెన్నడూ చూడని సందేశాల పెట్టెలో ఫిబ్రవరి నాటిదొకటి ఉంది: “నురీ, నలభై పాఠాలూ ఎక్కించానమ్మా. అందరికీ కనబడాలంటే ఇంకేం నొక్కాలి?”