ఎడమ గొట్టం

తుపాకులంటే నాకు ఇష్టం లేదు, భయమూ లేదు. ఇరవై రెండేళ్లు వాటి మూతుల్లోకి తొంగిచూడటమే నా డ్యూటీ. మస్కట్ అవతల కొండలకు ముందున్న ఒక షూటింగ్ క్లబ్బులో, రిపేరు గదిలో లేత్ నడిపే టర్నర్‌ని. ఊళ్లో ఉన్నప్పుడు వరికోత యంత్రాల షాఫ్టులు, బోరు మోటార్ల బుష్‌లు చేసేవాణ్ని. ఇక్కడికొచ్చాక లేత్ అదే, ఇనుము అదే, ముందు నిలబడి తొందరపెట్టే మనుషులే మారారు. ఫోన్లో చెబితే మావాళ్లు నేనేదో యుద్ధానికి సామాను తయారుచేస్తున్నానని అనుకునేవాళ్లు. చెప్పి చెప్పి విసుగొచ్చి, ఎవరడిగినా "పైపుల పని" అనడం మొదలుపెట్టాను. అందులో అబద్ధమేమీ లేదు.

వేటకూ ఆటకూ వాడే తుపాకీలోంచి ఒక్క గుండు రాదు, గుప్పెడు సీసపు గుళ్లు వస్తాయి. గొట్టం చివర వేలెడు మేర లోపల కాస్త బిగుతుగా ఉంటుంది. దాన్ని చోక్ అంటారు. బిగుతు ఎక్కువైతే గుళ్లు గుంపుగా దూరం పోతాయి, తక్కువైతే దగ్గర్లోనే వెడల్పుగా పరుచుకుంటాయి. క్లబ్బులో ఆడే స్కీట్ ఆటలో మట్టి బిళ్లలు దగ్గర్లోనే అడ్డంగా ఎగురుతాయి, వాటికి వెడల్పు కావాలి. కొండవాలులో కౌజు పిట్ట మనిషి అడుగు చప్పుడుకే బుర్రున లేచి దూరం పోతుంది, దానికి బిగుతు కావాలి. ఎవరికి ఏది కావాలో అడిగి, ఆ వేలెడు మేర గోటి మందంలో సగమో పావో ఇనుము తీసేవాణ్ని నేను. ఇప్పుడొచ్చే తుపాకులకు చోక్ విడి ముక్కగా, మర తిప్పి బిగించేలా వస్తుంది. చెడితే ఇంకోటి కొనుక్కుంటారు. పాతవాటికి అది గొట్టంలో భాగం. తీయడమే గాని మళ్లీ పెట్టడం ఉండదు.

పని అయ్యాక పరీక్ష ఉంటుంది. నలభై గజాల దూరంలో పెద్ద కాగితం కడతారు. క్లబ్బు కోచ్, ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన ఒమానీ, ఒక్కసారి కాలుస్తాడు. నేను తాడూ పెన్సిలూ పెట్టి కాగితం మీద గుండ్రం గీసి, లోపల పడ్డ చిల్లులు లెక్కపెడతాను. లెక్కపెట్టిన చిల్లు మీద గీటు పెడుతూ పోవాలి, లేకపోతే కళ్లు తిరిగి మళ్లీ మొదటికి రావాలి. వందకు డెబ్బై లోపల పడితే బాగా బిగుతు, నలభై పడితే బిగుతు లేనట్టు. ఇన్నేళ్లలో ఎన్ని చిల్లులు లెక్కపెట్టానో ఆ దేవుడికే తెలియాలి. ఆయన కూడా మధ్యలో విసుగొచ్చి మానేసి ఉంటాడు.

నా కళ్ల సంగతి ముందు నా రూమ్మేట్ కనిపెట్టాడు. జగిత్యాల దగ్గరివాడు, ఏసీలు బాగుచేసే పని. మస్కట్ శివార్లలోని అల్ హైల్‌లో మా ఇద్దరిదీ ఒకటే రూమ్.

"అన్నా, ఫోన్ల బొమ్మ చూడనీకె ముక్కుకాడికి తెచ్చుకుంటున్నవ్. కండ్లు చూపిచ్చుకోరాదె," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ.

"యాభై నాలుగేండ్లొచ్చినయ్. కండ్లేంది, మోకాళ్లేంది, అన్నీ గంతే."

"మోకాళ్లతోని నువ్వు కొలుస్తలేవు గద."

డాక్టరు దగ్గరికి పోతే ఏదో ఒకటి చెబుతాడు. అది కంపెనీ చెవిన పడుతుంది. నా దగ్గర చదువు లేదు, పెద్ద మాటలు లేవు. ఇరవై రెండేళ్లుగా నన్ను ఇక్కడ నిలబెట్టింది నా చేతి మీద నలుగురికున్న నమ్మకం ఒక్కటే. అది పోతే ఇంకేముంది? అందుకే ఏదైనా వంద బైసలకే అమ్మే చిల్లర అంగట్లో దొరికే కళ్లద్దాల జత ఒకటి కొనుక్కుని, కనిపిస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ అక్టోబరులో ఒక ముసలాయన తుపాకీ తెచ్చాడు. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషా, చేతికర్ర, నెమ్మది మనిషి. ఆయన్ను నేను బాబా అనేవాణ్ని, ఆయన నన్ను ఉస్తాద్ అనేవాడు. ఇద్దరిదీ వచ్చీరాని హిందీ కాబట్టి మాటలు తక్కువ, అర్థం చేసుకోవడం ఎక్కువ. రెండు గొట్టాలు పక్కపక్కనున్న ఆ తుపాకీ వాళ్ల నాన్నది. చిన్నప్పుడు నిజ్వా వైపు కొండల్లో తండ్రి వెనకే కౌజుల వేటకు తిరిగాడట. ఇప్పుడు ఆ కొండల్లో వేట కూడదు, ఆయన ఆ మాట దాటేవాడు కాదు. ఏడాదికొకసారి, చలికాలంలో, తమ్ముడితో కలిసి అనుమతి ఉన్న వేరే దేశానికి ఆ తుపాకీ పట్టుకుని వెళ్లొచ్చేవాడు.

"కుడి గొట్టం మొత్తం తెరిచెయ్యి. శుక్రవారాలు ఇక్కడ బిళ్లలు కొట్టుకుంటాను," అన్నాడు. ఎడమ గొట్టం మీద చెయ్యి వేసి, "ఇది మాత్రం కొంచెమే. నా చెయ్యి నిదానించింది, ఇంత బిగుతుకు పిట్ట తగలడం లేదు. కానీ ఇందులో మా నాన్న కొట్టిన దెబ్బ మిగలాలి. అర్థమైందా ఉస్తాద్?"

అర్థమైంది. వందకు డెబ్బై పడే ఎడమ గొట్టాన్ని అరవైకి తేవాలి. అంతకన్నా ఒక్కటి తగ్గకూడదు.

కుడి గొట్టం రెండు రోజుల్లో అయిపోయింది. ఎడమదానికి వచ్చేసరికి దసరా వచ్చింది. ఇక్కడ దసరాకు సెలవేమీ ఉండదు. మామూలు రోజే, మామూలు వ్యానే. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మా వైపు పొలాల వెంట వెతుక్కుంటూ తిరుగుతారు. క్లబ్బుకు పోయే దారిలో కరెంటు తీగల మీద పాలపిట్టలు రోజూ కూర్చునే ఉంటాయి. రోజూ చూస్తే ఏం ఒరిగిందని ఇప్పుడు ఒరగడానికి?

అయినా చేతి పనివాడు ఆయుధపూజ మానడు. ప్రతి ఏడూ పొద్దున్నే, గదిలోకి ఎవరూ రాకముందే, లేత్‌కు పసుపు రాసి, గొట్టం లోపల గీసే రీమర్లకు, అరగదీసే రాళ్లకు, కొలిచే గేజ్‌లకు కుంకుమ బొట్లు పెట్టి, రెండు అగరొత్తులు వెలిగించి దండం పెట్టుకునేవాణ్ని. మేనేజరు కేరళ ఆయన, చూసీచూడనట్టు ఊరుకునేవాడు. తర్వాత అన్నీ శుభ్రంగా తుడిచి డ్యూటీ మొదలుపెట్టాలి. ఆ ఏడు పసుపు కాస్త పల్చగా కలిపాను. గొట్టం లోపల కొలిచే గేజ్‌కు చివర ఒక ముల్లు ఉంటుంది. స్ప్రింగు మీద బయటికి వచ్చి గోడను తాకుతుంది, ఎంత బయటికొస్తే గొట్టం అంత వెడల్పన్నమాట. నేను పెట్టిన పసుపు బొట్టు ఆ ముల్లు మొదట్లోని సందులోకి కారి ఎండిపోయింది. పైన తుడిచాను. సందులో ఉన్నది కనిపించలేదు. కనిపించే కళ్లు కావు.

ముల్లు పూర్తిగా బయటికి రావడం మానేసింది. అంటే గొట్టం ఎంత తెరుచుకున్నా గేజ్ తక్కువే చూపిస్తుంది. నేను రాయి పెట్టి తీస్తున్నాను, కొలుస్తున్నాను, ఇంకా రాలేదంటుంది. మళ్లీ తీస్తున్నాను. మామూలుగా పని మొదలుపెట్టే ముందు కొలత తెలిసిన ఉక్కు రింగులో గేజ్‌ను ఒకసారి సరిచూసుకోవాలి. ఆ రోజు చూడలేదు. పొద్దున్నే దండం పెట్టుకున్న పనిముట్టును అనుమానించబుద్ధి కాలేదేమో. లేక ఒళ్లు బరువెక్కిందేమో. ఇప్పుడు ఏది చెప్పినా సాకే అవుతుంది.

మధ్యాహ్నం కోచ్ కాల్చాడు. గుండ్రం గీసి లెక్కపెట్టాను. నలభై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాను. రెండోసారి కాల్పించాను, నలభై ఆరు. గదిలోకి వచ్చి గేజ్‌ను రింగులో పెడితే అప్పుడు తెలిసింది. సూదితో ఆ సందు గీకితే పసుపు పొడి రాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. స్టూలు మీద కూర్చుండిపోయాను. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది, అంతే. గొట్టం గోడ పల్చన, అందులో మర వేసి విడి చోక్ బిగించే వీలు లేదు. ఆ బిగుతు ఇక తిరిగి రాదు.

తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మర్నాడు కాగితాన్ని ముప్పై గజాల దగ్గరే కట్టించాను. దూరం తగ్గితే చిల్లులు ఒత్తుగా పడతాయి, ఎంత తెరుచుకున్న గొట్టమైనా మంచిదానిలా కనిపిస్తుంది. కోచ్ ఒకసారి నా వైపు చూశాడు, ఏమీ అడక్కుండా కాల్చాడు. అరవై ఒకటి పడ్డాయి. మూల మీద "నలభై గజాలు" అని రాసి, చుట్టి, రబ్బరు బ్యాండు వేశాను. నిన్నటి రెండు కాగితాలు సొరుగులో అడుగున పెట్టాను. చింపేయొచ్చు గదా, ఎందుకు దాచానో నాకే తెలియదు.

బాబా గురువారం పొద్దున వచ్చాడు. తుపాకీతో పాటు కాగితం ఇచ్చాను. విప్పి ఒకసారి చూసి, నవ్వి, మళ్లీ చుట్టేశాడు.

"లెక్క చూసుకోండి బాబా," అన్నాను.

"ఉస్తాద్ లెక్కపెట్టాక నేనెందుకు? వచ్చే నెల ఇరవైకి టికెట్లు తీసుకున్నాం. తమ్ముడికి కూడా చెప్పాను, ఈసారి నాన్న తుపాకీ నాకు లొంగుతుందని."

ఆయన అలా నమ్మకంగా అనకుండా, ఒక్క చిల్లయినా లెక్కపెట్టి ఉంటే, నేను నోరు మూసుకునే ఉండేవాణ్నేమో. ఆయన గుమ్మం దాకా వెళ్లాడు.

"బాబా, ఆగండి."

సొరుగులోంచి పాత కాగితాలు తీసి బల్ల మీద పరిచాను. దూరం మార్చిన సంగతి చెప్పాను. బొట్టు పెట్టిన సంగతి, పసుపు ఎండిన సంగతి, రింగులో సరిచూసుకోని సంగతి, అన్నీ చెప్పాను. నా హిందీకి అంత కథ చెప్పడం ఎక్కువే. మధ్యలో చేతులతో చూపించాను.

ఆయన తుపాకీ బల్ల మీద పెట్టాడు. ఎడమ గొట్టం మూతిలో చూపుడువేలు పెట్టి తిప్పాడు, అక్కడేదైనా మిగిలిందేమోనన్నట్టు. తిట్టి ఉంటే బాగుండేది.

"పూజలో ఏం కోరుకున్నావు?" అని అడిగాడు.

"చేతి పని చల్లగా ఉండాలని."

తల ఊపాడు. కిటికీ దగ్గరున్న తూటాల పెట్టె తీసి, నాకు నాలుగడుగుల దూరంలో ఎత్తి పట్టుకున్నాడు. "దీని మీద ఏం రాసి ఉంది ఉస్తాద్?"

ఎర్రటి పెద్ద అక్షరాలు చదివాను. వాటి కింద ఇంకో వరస ఉందని తెలుసు, రోజూ చూసే పెట్టే. నల్లటి గీతలా కనిపించింది. గుర్తున్నది చెప్పేద్దామనుకుని, చెప్పలేక ఊరుకున్నాను.

"చోక్ పోయింది, పిట్ట బతుకుతుంది. ముష్కిల్ లేదు," అన్నాడు పెట్టె కింద పెడుతూ. "గోడ ఇంకాస్త పల్చబడి పగిలి ఉంటే నా చెయ్యి పోయేది. రేపు ఇంకెవరో వస్తారు. వాళ్లతో ఏం చెబుతావు?"

ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. మేనేజరుకు ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. మూడు రోజులు ఆ ధైర్యంతోనే గడిపాను. మూడో రోజు ఒక కొత్త గొట్టం నా బల్ల మీదికి వచ్చింది. దాని మూతిలోకి చూస్తే అంచు ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. లేచి మేనేజరు గదికి వెళ్లాను.

"సార్, నా కళ్లు ఈ పనికి సరిపోవు. ఇక గొట్టాలు నాకు ఇవ్వకండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఇరవై రెండేళ్ల తర్వాత ఎవరైనా తమ మీద తామే కంప్లైంట్ ఇస్తారా?" అన్నాడు. ఆయన మంచివాడే. వీసా ఉన్నన్నాళ్లు ఉండమన్నాడు. లేత్ గదికి రాజస్థాన్ నుంచి ఇంకొకతను వచ్చాడు. నన్ను మైదానంలో బిళ్లలు విసిరే యంత్రం దగ్గర వేశారు. చిన్న సిమెంటు గది, తల వంచుకుని కూర్చోవాలి. యంత్రానికి మట్టి బిళ్లలు పేర్చడమే పని. నా మోకాళ్లు తప్ప ఇంకెవరూ దాని గురించి ఫిర్యాదు చేయడం లేదు.

ఇది ఆరో నెల. శుక్రవారాలు బాబా స్కీట్‌కు వస్తాడు. రెండు గొట్టాలూ ఇప్పుడు వెడల్పువే కాబట్టి బిళ్లలు బాగానే పగులుతున్నాయి, చూసేవాళ్లు శభాష్ అంటున్నారు. వెళ్లేటప్పుడు నా గది మీదుగా వచ్చి సలాం చెబుతాడు. మొన్న నవంబరు ఇరవై దాటాక, డిసెంబరు దాటాక, జనవరిలో కూడా ఒక్క శుక్రవారం తప్పకుండా వచ్చాడు. కౌజులకు వెళ్లలేదేమని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.