మెదడు దాకా పోయిన తీగ

మొన్న ఐతారం మా ఇంట్ల ఏమైందో నా నోటితోనే వినండి. మా క్వార్టర్ల లైనోళ్లు చెప్తే ఇంకో నాలుగు కలిపి చెప్తరు. బొగ్గుబాయిల తాగేతందుకు నీళ్లు ఇయ్యమని మేనేజరు బంగళా ముందర కూసున్నోణ్ని నేను. లాఠీ దెబ్బ పడ్డా లేవలే. అసొంటి నన్ను సబ్బుబిళ్లంత డబ్బా ఒకటి కింద పడేసింది. చాయ్ పొయ్యండి, చెప్త.

నా చెవుల సంగతి మీకెరుకే. బొగ్గుబాయిల ఇన్నేండ్లు డ్రిల్లు పట్టిన. ఎడమ చెవి మొత్తం పోయింది, కుడిది కొంచెం నయం. నా పెండ్లాం రాజవ్వ మాట్లాడితే పెదవులు కదులుడే కనపడేది. ఆమె "ఉప్పు అయిపోయింది" అంటే నేను "మంచిగున్నది, ఇంకింత వెయ్యి" అనేటోణ్ని. ఒకనాడు ఆమెకు ఒళ్లు మండి నా చెవి కాడికి వచ్చి అరిచింది.

"గోడతోనన్న మాట్లాడొచ్చు, నీతోని కాదు! ఇగ నేను మాట్లాడ!"

అన్నంత పనీ చేసింది. వినపడకపోయినా సరే, ఆ పెదవులు కదులుతుంటే ఇంట్ల మనిషి ఉన్నట్టుండేది. అవి ఆగిపోయేసరికి నిజంగనే భయపడ్డ. పట్నం దవాఖానకు పోయి చెవి మిషన్ తెచ్చుకున్న. అంగీ జేబుల డబ్బా, దాంట్ల చిన్న బ్యాటరీ, డబ్బాల నుంచి చెవిదాకా సన్నటి తీగ.

దాన్ని పెట్టుకొని ముందుగాల చౌరస్తాల రేడియోలు బాగుచేసే యూసుఫ్ దుకాణానికి పోయిన. పోరడు ఉర్దూ పేపరు చదువుతడు, లోకంల ఉన్న వింతలన్నీ వాని దగ్గరనే ఉంటయ్.

"ఇదేమున్నది కాకా! విలాయతుల జంతువుల మెదడులనే తీగలు పెడుతున్నరట. స్విచ్చి వేస్తే ఉరికే జంతువు టక్కున ఆగుతదట. రేపు మనుషులకూ పెడ్తరు. చెవిటోనికి వినపడ్తది, మతిమరుపోనికి యాదికుంటది. ఒకని మనసుల మాట ఇంకొకనికి తెలుస్తది!"

నాకు సర్రున మండింది. "మరి స్విచ్చి ఎవని చేతుల ఉంటదిరా? మేనేజరు చేతుల ఉంటే? వాడు అక్కడ నొక్కుతడు, మనం ఇక్కడ తిండి మరిచి బొగ్గు తవ్వుతం. సమ్మె అన్న మాట మన మెదడుల పుట్టకముందే బందు చేస్తడు!"

"అరె కాకా, మంచి కూడా చూడాలె గద! కాళ్లు పడిపోయినోడు లేచి నడుస్తడేమో."

"నడవనీ. కని స్విచ్చి ఆ నడిచేటోని చేతులనే ఉండాలె!"

ఇంత తెలివిగ మాట్లాడిన నేను ఇంటికి పోయి ఏం చేసిన్నో చూడండి.

గడపల అడుగు పెట్టంగనే రాజవ్వ గాజుల చప్పుడు వినపడ్డది. పొయ్యి మీద పోపు చిటపట వినపడ్డది. ఆమె నన్ను చూసి, మాట్లాడనన్న సంగతి మరిచి, "వినపడుతున్నదా?" అన్నది. గొంతు కొంచెం బొంగురు పోయింది. ఎప్పుడు పోయిందో నాకు తెల్వనే తెల్వదు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అక్కడికి నోరు మూసుకుంటే అయిపోయేది!

"ఆ తీగ లోపల ఎందాక పోయింది?" అని భయం భయంగ అడిగింది.

యూసుఫ్ ముచ్చట ఇంకా నా నాలుక మీదనే ఉన్నది. "మెదడు దాక! నువ్వు మనసుల ఏమనుకున్నా నాకు వినపడ్తది" అన్న.

రాజవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. మళ్ల తియ్యలే.

రెండు రోజులు నాకు రాజభోగమే. అడగకుండనే ఎండుచేపల పులుసు. మనసుల నన్ను తిట్టకుండ జాగ్రత్త పడుతున్నదని లోలోపల నవ్వుకున్న. కని మాట? మాట లేదు!

"ఏమన్న మాట్లాడరాదు?" అంటే, "ఎందుకు? నీకు వినపడ్తనే ఉన్నది గద" అని పొయ్యి దిక్కు తిరిగేది.

కాకి వినపడుతున్నది. పక్క క్వార్టర్ల కొట్లాట వినపడుతున్నది. ఎవరి గొంతు కోసం పట్నం దాక పోయిన్నో ఆ గొంతొక్కటే వినపడ్త లేదు. నిజం చెప్దామంటే పరువు అడ్డమొచ్చె!

ఐతారం పొద్దున యూసుఫ్ దుకాణంల చాయ్ తాగుతున్న. ముందర బొగ్గు లారీ ఆగింది. దాంట్ల నుంచి మూట ఒక చేతుల, కోడి ఒక చేతుల పట్టుకొని మా అత్త దిగింది. షిఫ్టు దిగినోళ్ల లెక్క మొఖమంత నల్లగయింది.

"అల్లుడా! మంచిర్యాల నుంచి రైలెక్కి వచ్చిన. రామగుండం టేషన్ల నీ కోసం కూసోని కూసోని నడుం పట్టుకపోయింది. పాపం ఈ డ్రైవరు బిడ్డ ఎక్కించుకున్నడు!"

ఇంటికి తోలుకొచ్చి రాజవ్వ మీద లేచిన. "మీ అమ్మ వస్తదని నాకెందుకు చెప్పలే?"

"చెప్పలేనా? మొఖం కడుగుతుంటే చెప్పిన. చాయ్ ఇచ్చుకుంట చెప్పిన. గడప దాటుతుంటే గట్టిగ చెప్పిన!"

"నోటితోనా?"

"మనసుల!"

మా అత్త నన్ను చూస్తున్నది. కోడి కూడా నన్నే చూస్తున్నది. ఇద్దరి ముందర నిజం ఒప్పుకునుడు నాతోని కాలే.

"అది... బ్యాటరీ అయిపోయింది" అన్న.

రాజవ్వ మొఖం మెత్తబడ్డది. "అయ్యో, ముందుగాల చెప్పద్దా!"

అన్నం తిని, మిషన్ తీసి గూట్ల పెట్టి పడుకున్న. రాజవ్వ తన లెక్క తాను చేసుకున్నది. తలకు పెట్టేది, తీగ ఉన్నది, బ్యాటరీ ఉన్నది. బాయిల దిగేటప్పుడు మా టోపీకి దీపం, దాని తీగ నడుముకు కట్టిన బ్యాటరీకి. షిఫ్టు దిగంగనే లాంపు రూంల ఇస్తే చార్జింగు పెడ్తరు. మా దిక్కు ఆడోళ్లకు ఇది వేరే చెప్పాల్నా? పక్క క్వార్టరు కొమురయ్య లాంపు రూంలనే పని చేస్తడు. డ్యూటీకి పోతుంటే పిలిచి, "తమ్మీ, మీ బావది ఇది కూడా దీపాలతోని కలిపి పెట్టు" అని చేతుల పెట్టింది. వాడు అక్క మాట కాదనడు.

తెల్లారి కొమురయ్య రుమాలుల చుట్టి తెచ్చిండు. డబ్బా పూరీ లెక్క ఉబ్బింది, తీగ కరిగి అంటుకపోయింది. వాడు నా కుడి చెవుల ఒర్లిండు.

"బావా, అదే చార్జింగుకు దీపమైతే వెలుగుతది గద! ఇది పెట్టంగనే పొగ ఇడిసింది!"

రాజవ్వ కూలబడ్డది. నా చెవి కాడికి జరిగి ఏడ్చుకుంట, "నా మాట వినేతందుకు తెచ్చుకుంటివి, నేనే కాలబెట్టిన" అన్నది. ఆమె అట్ల ఏడుస్తుంటే ఇగ పరువెక్కడిది?

"అది చెవి దాకనే రాజవ్వా. మెదడు దాక పోలే. నీ మనసుల మాట నాకు ఒక్కటి కూడా వినపడలే."

ఏడుపు ఆగింది. "ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

"అంటే... నిన్ను మనసుల కూడా తిట్టొద్దని నేను పండ్లు బిగబట్టుకున్నదంత?"

"ఉత్తగనే."

కొంగు నడుంల చెక్కింది. నా కుడి చెవికి నోరు ఆనిచ్చి, దాచిపెట్టినవన్నీ మొదటి నుంచి ఒక్కొక్కటే ఇడిసింది. ఆమె మరిచినయి మా అత్త పక్క నుంచి అందిచ్చింది. లైన్ల తలుపులన్నీ తెరుచుకున్నయ్. నేను మాత్రం చెవి ఇంకింత దగ్గరికి జరిపిన.

అప్పటి నుంచి ఆ నోరు ఆగలే, లైనంత వినపడేటట్టు నా చెవుల ఒర్లుతనే ఉన్నది. నిన్న యూసుఫ్ వచ్చి, "ఇంకో మిషన్ తెచ్చుకోరాదు కాకా?" అని ఒర్లిండు.

తెచ్చుకుంట. కని ముందుగాల లైనోళ్ల చెవులకు దూది తేవాలె.