లౌజ్ కొండ మీద మంచుగది

మంచు పడిందని ఫోనులో వీడియో చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. తబూక్ అవతల లౌజ్ కొండ మీద ఎవరో మంచు దిమ్మలు పేర్చి గదులు కట్టి, రాత్రికి అద్దెకిస్తున్నారట. నా సౌదీ విజిట్ వీసా వారంలో అయిపోతుంది. మా ఆయన సుబ్బరాయుడు ఖతీఫ్‌లో చేపల కోల్డ్ స్టోరేజీలో పదేళ్లకు పైగా పనిచేస్తున్నాడు. ఇంకో రెండేళ్లకు కాంట్రాక్టు రాయించుకోవాలా, పని మానేసి ఎగ్జిట్ వీసా కొట్టించుకుని మా ఊరు రాజంపేట వచ్చేయాలా అన్నది నేను వెళ్లేలోపు ఇద్దరం తేల్చుకోవాలి. "పనేం కష్టం ల్యా" అంటాడు. నన్ను ఆ స్టోరేజీ లోపలికి రానివ్వరు. ఆ చలేమిటో తెలియకుండా సరేననడానికి నాకు నోరు రాలేదు.

"దినామూ ఐసులోనే సస్తాండా. మళ్లా దుడ్లిచ్చి దాంట్లోనే పండుకోవాల్నా?" అన్నాడు.

"నువ్వు దినామూ ఉంటాండావు గదా, నేనొక్క రాత్రి ఉంటే ఏమైతాది?" అన్నాను.

గురువారం పొద్దున దమ్మామ్‌లో విమానం ఎక్కాం. పక్క సీటు నిజామాబాద్ ఇంజనీరు మా సంగతి విని, "మంచా? నిన్న ఆడ మస్తు ఎండ గొట్టిందక్కా. ఉంటదో లేదో!" అన్నాడు. ఇక దిగేదాకా నేను కుదురుగా కూర్చుంటే ఒట్టు.

తబూక్‌లో కారు అద్దెకు తీసుకున్నాం. వెళ్లాలనుకునేవాళ్లు పెట్రోలు, రొట్టెలు, నీళ్లు ఊళ్లోనే కొనుక్కోవడం మంచిది. తర్వాత ఏమీ దొరకవు. "ఇంకెంత దూరం?" అని నేను అడిగినప్పుడల్లా మా ఆయన రేడియో సౌండు పెంచేవాడు. సాయంత్రానికి కొండ మలుపులో తెల్లటి మచ్చలు కనిపించాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

మూడే మూడు గదులు. ద్వారానికి కంబళి, మంచు అరుగు మీద చెక్క, దాని మీద గొర్రెతోలు. రాత్రికి నాలుగు వందల రియాళ్లు. కాపలా ఉన్న పెషావర్ మనిషి, "కల్ దోపహర్ తక్ సబ్ పానీ, బాజీ" అని నవ్వాడు. రేపు మధ్యాహ్నానికి అంతా నీళ్లేనట!

మొదట ముచ్చటగానే ఉంది. అరగంటకు చలి నడుములోంచి ఎక్కింది. "తడి మేజోళ్లు ఇప్పు. గోడకు ఆనుకోవాకు. వేళ్లు ఆడిస్తా ఉండు" అని చెప్పి, మా ఆయన గురక పెట్టాడు. నేను కారులోకి, గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. పళ్లు టకటకలాడుతున్నా లోపల ఏదో తేలికపడింది. ఈ చలిలో ఇంత హాయిగా నిద్రపోయే మనిషి గురించా ఇన్నాళ్లూ బెంగపడ్డాను! రెండేళ్లు రాయించుకోమని చెప్పేద్దామనుకున్నాను.

తెల్లవారేసరికి కప్పు కారడం మొదలైంది. బయల్దేరి తబూక్ దారిలో నిప్పుల మీద టీ కాచే బండి దగ్గర ఆగాం. గ్లాసు ముట్టుకోగానే చురుక్కుమని వేళ్లు చెవులకు పెట్టుకున్నాను. మా ఆయన అదే పొగలు కక్కే గ్లాసును రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని ఊదుకుంటున్నాడు.

"కాలడం ల్యా?"

"ఈ రెండు వేళ్లకు తెల్దులే."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడో పాయె. పనికేం అడ్డం ల్యా."

గ్లాసు లాక్కుని కింద పెట్టాను. వేలి కొసలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"రెండేళ్లు కాదు, రెండు దినాలు గూడా వద్దు" అన్నాను.

"ఇంటికొచ్చి ఏం జేసేది?" అన్నాడు.

మంచుగది చూడదగ్గదే, కాదనను. ఒక్క రాత్రి ఉండి వచ్చేవాళ్లకు అది సరదాయే. తిరుగు విమానంలో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. దమ్మామ్ వచ్చేదాకా ఆ రెండు వేళ్లనూ నా గుప్పిట్లో పెట్టుకుని నొక్కుతూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా ఇటు తిరిగి చూడలేదు.