టంకం కరిగే వేడి

వర్ధన్నపేటలో మాది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. రిపేర్లన్నీ మా ఆయనే చేసేవాడు. నేను పిల్లల్ని బడికి పంపి వచ్చి కవర్లు, ఛార్జర్లు అమ్మేదాన్ని. నిరుడు పత్తి ఏరే కాలంలో ఆయన బైకు మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగి పిండికట్టు వేయాల్సి వచ్చింది.

రిపేరుకు వచ్చినవాళ్లు మా గడప దాకా వచ్చి, ఆయన చెయ్యి చూసి వరంగల్ బస్సెక్కుతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు ఉండబట్టలేక, "నాకు నేర్పు, నేను చేస్త" అన్నాను. ఆయన ఎడమచేత్తో పాత ఫోన్ల డబ్బా నా ముందుకు జరిపాడు.

మొదటిసారే, టంకం కరిగించే వేడి ఐరన్‌ను ఎక్కువసేపు ఆనించి, ఛార్జింగ్ జాక్‌లో ఉండే ప్లాస్టిక్‌ను కరిగించేశాను. దుకాణమంతా కమురు వాసన.

"టంకం ముందుగాల కరుగుతది, ప్లాస్టిక్ తర్వాత," అన్నాడాయన. "ఆ నడుమ దొరికే జరంత టైములనే పని కావాలె. టంకం దిక్కే చూడు. మబ్బుగ ఉన్నది అద్దం లెక్క మెరిసిందంటే కరిగినట్టు. ఎంటనే చెయ్యి తియ్యి."

ఆ మెరుపు కోసం ఎన్ని పాడైన జాక్‌లు ఊడదీసి అతికించానో. చెయ్యి మెల్లగా కుదురుకుంది.

అప్పుడొచ్చింది ఒకామె, పత్తి చేను నుంచి నేరుగా. ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం లేదు. బిడ్డ హాస్టల్లో ఉందట, రెండ్రోజులుగా మాటల్లేవట.

"నువ్వు చేస్తవా చెల్లె?" అంది అనుమానంగా.

"చేస్తనక్కా, కూసో."

ఐరన్ ఆనించాను. టంకం మెరవలేదు. ఇంకొంచెం ఉంచితే ప్లాస్టిక్ పోతుందని భయమేసి వెనక్కి తీశాను.

"కరుగుతలేదు," అన్నాను చిన్నగా.

"నువ్వు ఇన్నాళ్లు తీసినయి నేను అతికించినయి, ఇది కంపెనీల పెట్టిన టంకం. మనదానికంటే ఎక్కువ వేడి అడుగుతది," అన్నాడు మా ఆయన. "ఫికర్ చెయ్యకు. దానిమీద మన టంకం జర పెట్టు. రెండు కలిస్తే తక్కువ వేడికే కరుగుతయి."

అలాగే చేశాను. రెండూ కలిసి ఒక్కసారిగా మెరిశాయి. పాత జాక్ ఊడి వచ్చింది. కొత్తది అతికించి ఛార్జర్ పెడితే తెరమీద బ్యాటరీ గుర్తు వెలిగింది. ఆమె అక్కడే నిలబడి బిడ్డకు ఫోన్ చేసింది. "తిన్నవా?" అని ఆమె అడుగుతుంటే నేను ఊడిన పాత జాక్‌ను ఏరి పాత ఫోన్ల డబ్బాలో వేశాను.

ఆయన కట్టు విప్పారు గానీ మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు. స్క్రీన్లు, బ్యాటరీలు ఆయన మారుస్తాడు. సన్నటి అతుకుల పని నాది. ఈ మధ్య వేడిగాలి ఊది బోర్డు మీది చిప్పులు తీయడం నేర్చుకుంటున్నాను.