మామ్మ ముప్పావు లీటరు

నా చిన్నప్పుడు లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లని ఎవరైనా అడిగితే, నోటికొచ్చిన అంకె చెప్పేసి తప్పించుకునేదాన్ని. ఒకరోజు వంద అనేదాన్ని, ఇంకోరోజు పదివేలు. మా సైన్సు మాస్టారు పాపం బోర్డు మీద మెట్లు గీసి, దిగితే పాయింటు కుడికి, ఎక్కితే ఎడమకి అని ఎంత మొత్తుకున్నా నా తలకెక్కేది కాదు. పాయింటు ఇటు జరిగితేనేం, అటు జరిగితేనేం, ఆకాశం ఊడిపడుతుందా అనుకునేదాన్ని. మొండిఘటాన్ని. అది ఇప్పటికీ పోలేదంటారు మా ఇంట్లో.

ఆ ఏడు వేసవిలో మా మామ్మకు, అంటే నాన్న తల్లికి, కాళ్ళు పొంగాయి. మా ఉద్దానంలో కాళ్ళు పొంగాయంటే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. కిడ్నీ జబ్బు ఎరగని వీధి మాకు లేదు. పలాస డాక్టరుగారు మందులిచ్చి, నీళ్ళయినా ఇంకేం తాగినా అన్నీ కలిపి రోజు మొత్తానికి 0.75 లీటరుకు మించి ఒంట్లోకి పోకూడదనీ, మించితే ఊపిరే ఆడదనీ చెప్పి పంపారు. మామ్మ మంచినీళ్ళు నిజంగానే తగ్గించింది. పొద్దున్న చోడంబలి, అంటే రాగి అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం టీ మాత్రం ఎప్పటిలాగే సాగిపోయేవి. "అంబలి నీళ్ళేటే? అది తిండి!" అనేది. ఎవరు చెప్పినా అదే మాట. వాపు మోకాళ్ళదాకా పాకింది. నడుం వాలిస్తే ఆయాసం. నాకు మామ్మంటే ప్రాణం. ఆ భయానికి నాకు అన్నం సయించేది కాదు.

పక్కింటి అక్క అప్పట్లో టెక్కలిలో డిగ్రీ చదువుతుండేది, సైన్సు. సెలవులకు వచ్చి, సంగతి విని, మర్నాడు పొద్దున్నే వాళ్ళింట్లో పసివాడి పాలసీసా పట్టుకుని మా అరుగెక్కింది. సీసామీద మిల్లీలీటర్ల గీతలుంటాయి కదా, అందుకు.

"ఓలమ్మోలమ్మ, ఈ వయసులో నాకు పాలసీసా ఎడతావేటే!" అని మామ్మ కస్సుమంది. దాహమంటే ఏమిటో నీకేం తెలుసంది. అక్కకు కోపం రాలేదు. అయితే ఈ రోజు తానూ మామ్మ తాగినంతే తాగుతానని, ఇక్కడే పక్కన కూర్చుంటానని పంతం పట్టి చాప పరుచుకుంది. తర్వాత నావైపు తిరిగింది. "డాక్టరుగారి అంకె ఎన్ని మిల్లీలీటర్లో లెక్క నువ్వే కట్టాల. నువ్వెంత సెప్తే అంతే తాగుతాం ఇద్దరం."

నేను ఠక్కున డెబ్భై అయిదు అన్నాను. అక్క తప్పు అనలేదు. సీసాలో ఆ గీతదాకా నీళ్ళు పట్టి, ఖాళీ చెంబులోకి వంచి, చెంబు నా చేతికిచ్చింది. "రోజంతటికీ ఇయ్యే. మామ్మకి నువ్వే ఇయ్యి" అంది. అడుగున రెండు గుక్కలు కూడా లేవు. బయట జీడితోటలు మాడ్చేసే ఎండ. చెంబులోకి చూశాను, మామ్మ ఎండిన పెదాలకేసి చూశాను, ఏడుపొచ్చేసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కూర్చున్నాను. లీటరంటే వెయ్యి. అందులో సగం అయిదొందలు, ఆ సగంలో సగం రెండొందల యాభై, రెండూ కలిపితే ఏడొందల యాభై. మాస్టారి పాయింటు మూడు మెట్లు దిగింది. పాలసీసాకు పట్టేది రెండొందల యాభై, అంటే నిండుగా మూడుసార్లు, అంతే. పాయింటు ఒక మెట్టు తక్కువ దిగితే మామ్మ ఎండిపోతుంది, ఒక మెట్టు ఎక్కువ దిగితే మామ్మకు ఊపిరాడదు. ఆకాశం ఊడిపడడమంటే అదే మరి.

ఇద్దరికీ చెరో చెంబులో కొలిచి పెట్టాను. అంబలి తాగినా, టీ తాగినా, ముందు సీసాలో కొలిచి, అన్ని నీళ్ళు చెంబులోంచి తీసి కరివేపాకు మొదట్లో పొయ్యాలని అక్క చెప్పింది. ఒక్క గ్లాసు అంబలికే చెంబులో నీళ్ళు బాగా కిందికి పోయాయి. మామ్మ అది కళ్ళారా చూసింది.

మధ్యాహ్నం వడగాలి కొట్టింది. పక్కనే అక్క వాళ్ళ ఇంట్లో కుండ నిండా చల్లటి నీళ్ళు, పెరట్లో కావలసినన్ని బొండాలు. ఆ పిల్ల గడప దాటితే ఒట్టు! గొంతు బొంగురుపోయినా కబుర్లు మానలేదు. పొద్దువాలేసరికి మామ్మ ఆమె పెదాలు చూసి ఇక ఉండబట్టలేకపోయింది. "సాల్లేవే తల్లీ, నువ్వు తాగీ. నాను లెక్కలోనే ఉంటాను. నీ మీద ఒట్టు" అని కళ్ళొత్తుకుంది. అక్క చెంబు ఎత్తి గటగటా తాగుతుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మామ్మ ఒట్టు తప్పలేదు. వాపు మెల్లగా తీసింది, ఆ తర్వాత కొన్నేళ్ళు మా మధ్యే ఉంది. కొలత పని నాదే. మామ్మకు జాగ్రత్తలు చెప్పినవాళ్ళు బోలెడుమంది. దాహం పంచుకున్నది అక్క ఒక్కతే.

ఇప్పుడు ఆసుపత్రిలో రోగులకు మందులు కొలిచి ఇవ్వడం నా ఉద్యోగం. గ్రాములు మిల్లీగ్రాములుగా మార్చిన ప్రతిసారీ, అంకె వేశాక ఒక్క క్షణం తలెత్తి మంచం మీది మనిషి ముఖం చూస్తాను. ఆ అంకె మింగాల్సింది వాళ్ళు కదా.